బొటనవేలంత తాతగారు

మా వైపు మనిషి గొప్పతనం ఫ్లెక్సీలో అతని తలకాయ సైజును బట్టి తెలుస్తుంది. నాయకుడిది గుమ్మడికాయంత, అనుచరులవి నిమ్మకాయలంత. ఈ శాస్త్రం పసిపిల్లలకు కూడా వచ్చు. రానివాడు నిడదవోలు చుట్టుపక్కల ఒక్కడే, పెయింటర్ చిట్టియ్య.

ఒకప్పుడు ఈ ఊళ్ళ బోర్డులన్నీ అతని చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక గేట్లకు రంగులు వేసుకునే భాగ్యం దక్కింది. బొమ్మ గీసి ఆరేళ్ళయింది. అలాంటివాడికి మా బాప్టిస్టు చర్చిలో బాప్తిస్మపు తొట్టి వెనక గోడ దొరికింది. యేసు బాప్తిస్మం తీసుకున్న యొర్దాను నది గీయాలి. గట్టు మీద మా సంఘంలో మొదటి బాప్తిస్మం తీసుకున్నాయన దగ్గర్నుంచి నిన్న మొన్నటివాళ్ళ దాకా కొందరు వరసగా నిలబడాలి. నచ్చకపోతే సున్నం కొట్టించి ఫ్లెక్సీ తగిలిస్తామని సంఘపెద్ద, రిటైర్డ్ హెడ్మాస్టారు విజయ్ పాల్ గారు ముందే ఆశీర్వదించారు.

పది రోజుల్లో బొమ్మ అయింది. యొర్దాను అచ్చం మా కాలవలాగే వచ్చింది, రెండు గట్లా కొబ్బరిచెట్లతో సహా. అసలుది చూసినవాళ్ళెవరూ మాలో లేరు కాబట్టి అభ్యంతరం రాలేదు. దగ్గరి చెట్లు పెద్దవి, ముదురు రంగువి. దూరం పోయేకొద్దీ చిన్నవై, నీలం కలిసి, మసకబారాయి. అక్కడ గోడ ఉందంటే నమ్మబుద్ధి కాదు.

శనివారం పొద్దున్న మాస్టారు చూడ్డానికి వచ్చారు. నేనూ, చర్చి తుడిచి తొట్టికి నీళ్ళు తోడే రూతూ అక్కడే ఉన్నాం.

"ఆ చివర చుక్కేంటయ్యా?"

"తమ తాతగారేనండి. మొట్టమొదటి బాప్తిస్మం ఆయనదే కదండి. నూరేళ్ళ నాటి మనిషని అంత దూరంలో పెట్టానండి."

"బొటనవేలంత ఉన్నారు. మరి ముందర ఏనుగులా నిలబడిందెవరు?"

"రూతమ్మండి. పోయిన నెలే కదండి తీసుకుంది."

రూతు చీపురు ఆపింది. "నన్ను వెనక్కి పంపేయి చిట్టియ్యా. ముందు నిలబడితే గోడలో కూడా నీళ్ళు తోడమంటారు."

మాస్టారు నవ్వలేదు. "రేపు ఆరాధన వేళకి తాతగారు పెద్దవ్వాలి. లేదంటే సున్నమే."

"అక్కడే ఉంచి పెంచితే కొబ్బరిచెట్లు ఆయన మోకాళ్ళ దాకా వస్తాయండి. సండేస్కూలు పిల్లలు గొల్యాతు అంటారు."

మాస్టారు ఆలోచనలో పడ్డారు. కుర్రాడి వడిసెల రాయికి గొల్యాతు చివరికేమయ్యాడో ఆయనకు తెలుసు.

ఆ సందులో చిట్టియ్య ఒక మేకూ, దారమూ తీశాడు. మేకును తాతగారి పాదాల దగ్గర గుచ్చాడు. సుత్తి అవసరం రాలేదు, అక్కడ ముందే చిల్లు ఉంది. మొదటిరోజు గీతలు కొట్టుకోవడానికి తనే దిగ్గొట్టిన మేకు చిల్లది. దాన్ని కప్పడానికే తాతగారిని అక్కడ నిలబెట్టాడని నాకప్పుడు అర్థమైంది. దగ్గాను. చిట్టియ్య నావైపు చూడలేదు.

దారం లాగి కుడిగట్టు మీద పెట్టాడు. అతికినట్టు కూర్చుంది. ఎడమగట్టుకీ అంతే, కొబ్బరి మొవ్వుల వరసకీ అంతే.

"చూడండి మాస్టారూ. గట్లూ, చెట్లూ, నదీ అన్నీ వెళ్ళి తాతగారి పాదాల దగ్గరే ఆగుతున్నాయండి. పెద్దగా గీస్తే జనం ఒకసారి చూసి ఊరుకుంటారు. ఇలాగైతే చూడకుండా ఎటూ పోలేరండి."

మాస్టారు మొదటి బెంచీలో కూర్చుని చూశారు, చివరి బెంచీలో కూర్చుని చూశారు, తలుపు దగ్గర నిలబడి చూశారు. కళ్ళు జారిజారి తాతగారి దగ్గరికే వెళ్తున్నాయి.

"సున్నం వద్దులే. నన్నెక్కడ పెట్టావు?"

"ఇదిగోనండి, రూతమ్మ పక్కనే, బాప్తిస్మపు తెల్లబట్టల్లో. సంఘపెద్దలు కదాని నిలువెత్తున."

"అక్కడెందుకయ్యా? తాతగారి పక్కకి పంపించు."

సాయంత్రానికల్లా ఆరడుగుల హెడ్మాస్టారు చిటికెనవేలంత అయ్యారు. తాతగారికంటే గోరంత తక్కువ ఉండటం మర్యాద అని ఆయనే చెప్పారు.

ఆదివారం ఆరాధన అయ్యాక మిగతా పెద్దలు నలుగురూ చిట్టియ్యను విడివిడిగా పక్కకు పిలిచారు. తమని కూడా వీలైనంత చిన్నగా చేసి, వీలైనంత దూరం పంపమని బతిమాలారు. ఒక్కొక్కరికీ గట్టు మీద చోటు వెతకాలి, ఖాళీ అయిన చోట గడ్డి మొలిపించాలి. చిట్టియ్యకు క్రిస్మస్ దాకా పని.