అనుబంధంలోని పేర్లు

2007లో విజయవాడ దగ్గర ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరాను. అల్మారాల్లోని పాత పీహెచ్‌డీ థీసిస్‌లను స్కాన్ చేసి, ఇంటర్నెట్‌లో ఎవరైనా చదవగలిగేలా రిపాజిటరీలో పెట్టడం నా పని. స్కానైన ఇంగ్లిషు అక్షరాలను కంప్యూటరు గుర్తుపట్టేది కాబట్టి లోపలి ఏ మాట వెతికినా దొరికేది. డిప్యూటీ లైబ్రేరియన్ ప్రసాదరావు గారి ఆమోదంతో ఎక్కించాక దేన్నైనా తొలగించాలంటే కమిటీ నిర్ణయం కావాలి. పేజీలు వంకర లేకుండా వచ్చాయో లేదో చూసేవాళ్లం. సాయంత్రానికి కళ్లు మండేవి. లోపల ఏముందో చదివే తీరిక ఎవరికీ లేదు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి కూర్చున్నప్పుడు షమీమ్ గారు వచ్చారు. పామర్రులో లెక్చరరు. ఉయ్యూరు వైపు చెరకు నరికే ఆడవాళ్ల మీద ఆవిడ రాసిన థీసిస్‌ను అంతకు కొద్దికాలం ముందే ఎక్కించాను. చివరి అనుబంధంలో వాళ్ల మాటలు పేర్లతో సహా ఉన్నాయి. ముఠా మేస్త్రీ కూలిలో కోత పెడతాడని అందులో సుబ్బమ్మ అనే కూలీ చెప్పింది. ఆ మేస్త్రీ కొడుకు నెట్ సెంటర్లో సరదాగా తన ఊరి పేరు కొడితే ఆ పేజీ వచ్చింది. సుబ్బమ్మను ముఠాలోంచి తీసేశారని షమీమ్ గారు మా ఇద్దరికీ చెప్పారు.

“అసలు పేర్లెందుకు రాశారండీ?” అన్నారు ప్రసాదరావు గారు.

“అప్పుడు దీన్ని చదివేది ముగ్గురే కదా సార్. నేను, ఎగ్జామినరు గారు, మా గైడు గారు. గైడు గారి సంగతి అనుమానమే.”

ఆయన నవ్వబోయి ఆగారు. “కమిటీ కూర్చునేదాకా తీయలేనమ్మా.”

“తీయొద్దు సార్, మూసిపెడదాం. థీసిస్ పేరు కనిపిస్తుంది, ఫైలు తెరుచుకోదు,” అన్నాను.

“రేపు కమిటీ అడిగితే నీ పేరే చెబుతాను,” అంటూనే సంతకం పెట్టారు.

కరెంటు వచ్చాక మూసిపెట్టాను. తర్వాత కమిటీ ఒప్పుకున్నాక అనుబంధం విడదీసి మిగతాది మళ్లీ ఎక్కించాను. షమీమ్ గారు ఫోన్ చేసినప్పుడు, సుబ్బమ్మను పనికి పిలిచారా అని అడిగాను.

“లేదమ్మా. ఆ పేజీ ప్రింటు మేస్త్రీ జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాడట.”

పాప పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను. అప్పటిదాకా ప్రతి థీసిస్‌నూ వెనక నుంచి తెరిచి, అనుబంధం చదివాకే స్కానరు మీద పెట్టాను. పని వెనకబడుతోందని మాటలు పడ్డాను. అల్మారాలోంచి తీసి అందరి ముందూ పెట్టేటప్పుడు, అందులో మాట్లాడినవాళ్లు ఇంకా అదే ఊళ్లో, అదే మేస్త్రీ కింద బతుకుతున్నారేమో ముందే చూడాలి. నేను మూసిన ఫైలు సుబ్బమ్మకు పని ఇప్పించలేదు.