ఉత్త క్యారేజీ

మా సాలూరులో పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కుర్రాడు ఏం చదివాడని అడిగేవారు కాదు, ఏ బండి మీద ఉన్నాడని అడిగేవారు. బండి అంటే లారీయే. నేను ఎస్సెల్సీ తప్పి, అప్ప ఇంట్లో ఉంటూ బావ దగ్గర డ్రైవింగు నేర్చుకుంటున్న రోజులవి. అప్ప అంటే మా వైపు అక్క. వాళ్ళకి పిల్లల్లేరు. నన్నే పెద్ద పిల్లాడి కింద భరించేవారు.

అరవైల చివరి సంవత్సరాలు. కొండల మీద గిరిజనులు షావుకార్ల మీద తిరగబడ్డారు. వాళ్ళతో పార్టీవాళ్ళు తుపాకులు పట్టుకుని ఉన్నారని చెప్పుకునేవారు. వాళ్ళని పట్టుకోడానికి వచ్చిన స్పెషల్ పోలీసులు మా ఊళ్ళో దిగారు. యుద్ధం కొండ మీద, దాని వంటిల్లు మా ఊళ్ళో. ఒక బడిని ఖాళీ చేయించి క్యాంపు పెట్టారు. గేటు ముందు ఇసుక బస్తాలు పేర్చారు. బజారులో మగవాళ్ళని వరసగా నిలబెట్టి చొక్కాలు విప్పించి భుజాలు చూసేవారు, తుపాకీ మోసిన మచ్చ ఉందేమోనని. మా ఊళ్ళో సగం మంది బస్తాలు మోసే కళాసీలు. ఎవరి భుజం చూసినా కాయ కాసే ఉండేది. మొదట్లో భయపడ్డాం. తర్వాత బజారుకెళ్ళేముందు మేమే చొక్కా గుండీలు విప్పుకుని వెళ్ళేవాళ్ళం. మనిషి దేనికైనా అలవాటు పడతాడంటారు. అది గొప్పగా చెప్పుకోవలసిన సంగతి కాదని నాకప్పుడే తెలిసింది.

బావకి రెండు పట్టింపులుండేవి. ఆ రెండే ఈ కథ.

మొదటిది రోడ్డు మీదది. సాలూరు దాటి ఒరిస్సా వైపు ఘాట్ ఎక్కుతుంటే ఒక పెద్ద మలుపులో పసుపు రాసిన రాయి ఉండేది. దానికి పేరు లేదు, డ్రైవర్లందరూ తల్లి అనేవారు. అక్కడ మూడుసార్లు హారన్ కొట్టి పోవాలి. బ్రేకులు ఫెయిలైన వాళ్ళూ లోయలో పడ్డవాళ్ళూ అందరూ తల్లిని పలకరించకుండా పోయినవాళ్ళేనని బావ నమ్మకం. "మన గుమ్మం ముందునుంచి పలకరించకుండా ఎలిపోతే మనిషికే కోపం వస్తాది. తల్లికి రాదేటి?" అనేవాడు. నాకు గేర్లు వెయ్యడం కంటే ముందు ఇది నేర్పాడు.

రెండోది ఇంటిది. పక్కింటి గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఎవరూ ఉత్తగిన్నె ఇవ్వరు, చిటికెడు ఉప్పయినా వేసి ఇస్తారు. బావ దీన్ని అప్ప కట్టిచ్చే క్యారేజీకి కూడా పట్టించాడు. లైనుకి వెళ్ళి ఏ మూడో రోజుకో ఇంటికొస్తే, అడుగు గిన్నెలో ఏదో ఒకటి ఉండవలసిందే. కొండ చింతపండో, నాలుగు ఉసిరికాయలో, జయపురం మిఠాయో. ఏమీ దొరక్కపోతే తిన్న అన్నంలోంచి నాలుగు మెతుకులు మిగిల్చేవాడు. ఒకసారి అప్ప మీద అలిగి లారీ నట్టు ఒకటి పడేసి తెచ్చాడు. అప్ప దాన్ని పోపుల డబ్బాలో దాచుకుంది. ఆ నట్టు ఇప్పుడు నా దగ్గరుంది.

పోలీసులు లారీలు పట్టుకోవడం అప్పటికి మామూలైపోయింది. సరుకు దించీ దించకముందే ఒక కానిస్టేబులు వచ్చి క్యాబిన్ మెట్టు మీద నిలబడేవాడు. ఇక బండి వాళ్ళది, డీజిలు లారీ షావుకారుది, ప్రాణం మనది. ఆ చలికాలంలో మా బండి కూడా పట్టుకున్నారు. తెల్లవారుతుండగా క్యాంపు దగ్గరకి రమ్మన్నారు. ఆ పొద్దున బావకి నడుం పట్టేసి వంగలేకపోయాడు. "ఈ పూట నువ్వు తోలరా, నాను పక్కన కూకుంటాను" అన్నాడు. నాకు లైసెన్సు లేదు. స్టీరింగు పట్టుకున్నానన్న సంబరంలో అది గుర్తుకు కూడా రాలేదు. బండి మా వీధి మొగలో ఆపితే అప్ప వచ్చి బావకి క్యారేజీ అందించింది.

క్యాంపు దగ్గర పోలీసులు వెనక ఎక్కారు. ఆఫీసరు జీపులో ముందుంటానన్నాడు. హారన్ కొట్టకూడదు, బీడీ వెలిగించకూడదు, ఎక్కడా ఆపకూడదు అని చెప్పాడు. చెప్పినవాడు బావ ముఖం చూసి చెప్పాడు. ఇద్దరిలో ఎవడు తోలుతున్నాడో ఎవరికీ పట్టలేదు.

ఘాట్ మీద మంచు. జీపు వెనక దీపం తప్ప ఏమీ కనబడటం లేదు. మలుపు వచ్చింది. రబ్బరు బుడ్డి హారన్ తలుపు పక్కనే ఉండేది. నా చెయ్యి దానంతటదే వెళ్ళింది. రెండుసార్లు నొక్కాక ఆఫీసరు మాట గుర్తొచ్చింది. అయినా మూడోసారి కూడా నొక్కాను. సగంలో ఆపితే తల్లికి ఇంకా కోపం వస్తుందనుకున్నాను. అంత భక్తి నాకు అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. బావ నా వైపు చూశాడు.

కొండ మీద గూడెం దగ్గరకి చేరేసరికి ఇళ్ళన్నీ ఖాళీ. పొయ్యిల్లో బూడిద వెచ్చగా ఉంది. కోళ్ళు తిరుగుతున్నాయి. ఒక ముసలమ్మ మాత్రం గుమ్మంలో కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. పోలీసులు ఏమడిగినా తన భాషలో ఒకటే మాట అంటోంది. ఆఫీసరు తిన్నగా మా లారీ దగ్గరకి వచ్చాడు. మేమిద్దరం దిగి టైర్ల పక్కన నిలబడి ఉన్నాం.

"హారన్ కొట్టిందెవడ్రా?"

"నానే బాబూ" అన్నాడు బావ.

నేను నోరు తెరిచాను. తెరిచినట్టే గుర్తు. మాట వచ్చిందా రాలేదా అని ఇన్నేళ్ళుగా ఆలోచించవలసిన పని లేదు. రాలేదు.

బావ తల్లి సంగతి చెప్పాడు. ప్రతి బండీ కొడుతుందని, ఈ గూడెం వాళ్ళు రోజూ వినే హారనేనని చెప్పాడు. "ఇయ్యాళ సంత బాబూ. ఊరంతా పొద్దుగాలే కావిళ్ళేసుకుని దిగిపోయుంటారు. సంతకెల్లి సూడండి, అందరూ అక్కడే ఉంటారు" అన్నాడు. అది నిజం. మా వైపు గొడ్డూ గోదా కాసుకునే వాడినడిగినా చెబుతాడు. కానీ ఆఫీసరు ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం. మూడు హారన్లు, ఖాళీ గూడెం, ఇక లెక్క సరిపోయింది. చెంప మీద కొట్టాడు. జీపు ఎక్కమన్నాడు.

ఎక్కేముందు బావ క్యారేజీ తీసుకునే వంకతో నా పక్కకి వచ్చి మెల్లగా అన్నాడు. "నీకు లైసెన్సు నేదు, నిన్ను సంపేస్తారు. నాకైతే రెండు దెబ్బలేసి వదిలేస్తారు. మీ అప్పకి సెప్పు. బండి రెండో గేరులో దించు."

రెండో గేరులోనే దించాను. మలుపులో తల్లి ముందునుంచి హారన్ కొట్టకుండా వచ్చేశాను. ఏమీ జరగలేదు. బ్రేకులు బాగా పడ్డాయి.

అప్పతో, "బావ హారన్ కొట్టాడని తీసుకెళ్ళారు" అన్నాను. అప్ప నన్ను చూసింది. ఏడవలేదు. చేతులు కడుక్కుని పొయ్యి రాజేసింది. వేరే క్యారేజీ తీసి అన్నం, పప్పు, వంకాయ కూర సర్ది నా చేతికిచ్చింది. "పట్టుకెల్లు. ఆడు ఆకలికి ఆగలేడు" అంది.

క్యాంపు గేటు దగ్గర ఒక సెంట్రీ ఉండేవాడు. ఎక్కడో దూరపు జిల్లావాడు, మా మాట సగం అర్థమయ్యేది కాదు. "ఈడ పెట్టిపో. మాపటికొచ్చి తీస్కపో" అన్నాడు. సాయంత్రం వెళితే క్యారేజీ ఇచ్చాడు. శుభ్రంగా కడిగి ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంటికి వచ్చి, "మొత్తం తిన్నాడే అప్పా, మెతుకు మిగల్లేదు" అన్నాను. అప్ప ఒక్కొక్క గిన్నే విప్పి చూసింది. అడుగు గిన్నె మరికాసేపు చూసింది. తర్వాత బోర్లించి పెట్టింది.

రోజూ అదే పని. పొద్దున పట్టుకెళ్ళడం, సాయంత్రం తీసుకురావడం. గేటు దగ్గరకి వెళ్ళే దారి పొడుగునా చెప్పవలసిన మాటలు కూర్చుకునేవాణ్ణి. అయ్యా, హారన్ కొట్టింది నేను, మా బావ కాదు. అంతే, ఎన్నో మాటలు కావు. గేటు కనబడగానే, బావ తింటున్నాడు కదా, బాగానే ఉన్నాడు కదా, రేపు చెబుదాం అనిపించేది. సాయంత్రం క్యారేజీ ఖాళీగా రాగానే ఆ రేపటికి బలం వచ్చేది. అది భయం అనుకోవడానికి కూడా లేదు. భయమైతే గుండె కొట్టుకోవాలి. నాకేమీ కొట్టుకునేది కాదు. తిన్నాను, పడుకున్నాను, క్యారేజీ మోశాను. ఊళ్ళో ఇంకా ఎవరెవరినో తీసుకెళ్ళారు. మా వీధి చివర టైలరుని తీసుకెళ్ళి నాలుగో రోజున వదిలారు. అతను వచ్చి మిషను మీద కూర్చుని ఏమీ కుట్టకుండా తొక్కుతుంటే నిలబడి చూశాను. చూసి వచ్చేశాను.

ఏడో రోజున సెంట్రీ క్యారేజీ ఇస్తూ, "కూరలో ఉప్పెక్కువైతాంది. తగ్గించమను" అన్నాడు. లోపల్నుంచి బావ చెప్పి పంపాడనుకున్నాను. పరుగులాంటి నడకతో ఇంటికి వెళ్ళి, "బావ ఉప్పు తగ్గించమన్నాడట" అన్నాను. బావ పన్నెండేళ్ళ కాపురంలో ఒక్కనాడు కూడా అప్ప వంటకి వంక పెట్టలేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ మాట సంతోషంగా చెప్పాను. అప్ప "అలగే" అంది. మర్నాడు ఉప్పు తగ్గించింది.

పదకొండో రోజు పొద్దున లేచేసరికి పొయ్యి వెలగలేదు. క్యారేజీ గిన్నెలన్నీ గట్టు మీద బోర్లించి ఉన్నాయి. అప్ప గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"వండలేదేం అప్పా?"

"ఎవులికి వండాల?" అంది. "ఆడు అక్కడ నేడురా."

"రోజూ తింటున్నాడు కదే."

"ఆడు తిన్నదైతే ఉత్త క్యారేజీ రాదు. నాలుగు మెతుకులైనా ఉంటాయి. గడ్డిపరకైనా ఏస్తాడు. తొలిరోజు నుంచీ ఉత్తదే వస్తన్నాది."

మొదటి రోజు నుంచీ. నేను గిన్నెల వంక చూశాను. పది రోజులు నా చేత్తోనే మోశాను, మూత తీసి చూసి సంతోషించాను. తినేసిన గిన్నె నాకు కనబడింది, ఉత్త గిన్నె అప్పకి కనబడింది.

"తెలిసి మరి రోజూ ఎందుకు వండావు?" అని అడిగాను. కోపంగానే అడిగాను. ఎవరి మీదో ఒకరి మీద కోపం రావాలి కదా.

అప్ప నా ముఖంలోకి చూసింది. "ఆ పొద్దున క్యారేజీ ఆడి సేతికిచ్చింది నానే కాదేటి. స్టీరింగు కాడ ఎవులున్నారో సూడనేదనుకున్నావేటి?" అంది. మళ్ళీ తనే అంది. "ఆడికోసం కాదురా వండింది. నీకోసం. రోజూ గేటు కాడికి ఎల్లతన్నావు, ఏదో ఒక రోజు నోరిప్పుతావని సూసినాను. నువ్వు నోరిప్పితే, ఆడెక్కడున్నాడో ఆ పోలీసోలూ నోరిప్పుతారేమోనని."

నేను అక్కడ ఇంకాసేపు కూర్చున్నానో, వెంటనే లేచానో గుర్తులేదు. చెప్పులు లేకుండా వెళ్ళానని మాత్రం గుర్తు, క్యాంపు ముందు గులకరాళ్ళు గుచ్చుకున్నాయి. దొంగలు పడ్డ ఆరునెలలకి కుక్కలు మొరిగినట్టు, అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను. హారన్ కొట్టింది నేనని, లైసెన్సు లేకుండా తోలింది నేనని, నన్ను తీసుకుని బావని వదలమని, అసలు బావ ఎక్కడున్నాడో చెప్పమని గట్టిగా, వీధంతా వినబడేట్టు చెప్పాను.

సెంట్రీ అంతా విన్నాడు. నా ముఖం చూశాడు, తర్వాత నా రెండు చేతులూ చూశాడు.

"ఈరోజు క్యారేజీ తేలేదేంరా?" అన్నాడు.