బండి ఇంటికొచ్చిన మధ్యాహ్నం

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. మా వాళ్ల పెళ్లిళ్లలో భోజనాలయ్యాక ఎవరో ఒకరు ఘాట్ రోడ్డులో తెల్లచీర కనిపించిన కథ ఎత్తుకుంటారు. "చూసింది నువ్వా, మీ మరిదా?" అని అడిగి వాళ్ల నోరు మూయించడం నాకు సరదా. అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

అప్పుడు మేం బళ్లారి గాంధీనగర్‌లో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. గనులు మంచి జోరు మీదున్న రోజులు. ఏ రోడ్డు చూసినా ఖనిజం లారీలే. ఉతికిన బట్టలు బయట ఆరేస్తే ఎర్రబడిపోతాయని ఇంట్లోనే తాడు కట్టి ఆరేసేది మా అమ్మ. మా నాయనకు సొంత లారీ ఉండేది. గనుల దగ్గర లోడు ఎత్తుకుని, పడమటి ఘాట్ దిగి, ఓడరేవుకు తోలేవాడు. ఇంట్లో అమ్మ, నేను, నాయన తల్లి అయిన మా అవ్వ ఉండేవాళ్లం.

నేను సెకండ్ పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడాది, చదువుతున్నాను. పదో తరగతి దాకా కన్నడ మీడియం. పీయూసీలో అంతా ఇంగ్లీషు. మొదటి ఏడాది ఫిజిక్స్ నన్ను కూర్చోబెట్టి ఏడిపించింది. రెండో ఏడాదికి నాకే కసి పుట్టి, అన్నిటికంటే ముందు ఆ పుస్తకమే తెరిచేదాన్ని. సీఈటీలో ర్యాంకు వస్తే ఇంజినీరింగ్, రాకపోతే నా చదువు అక్కడితో సరి. చుట్టాలంతా ఆ మాటే అనేవారు. నాయన ఒక్కడే "నువ్వు సదువు పాపా, తక్కిందంతా నేను సూసుకుంటా" అనేవాడు.

అవ్వకు చెవులు బొత్తిగా వినపడవు. పక్కన పళ్లెం పడేసినా తల తిప్పదు. ఏం చెప్పాలన్నా చేతులతో చూపించాల్సిందే. అయినా నాయన లారీ వచ్చిన సంగతి మాకంటే ముందు ఆమెకే తెలిసేది. గోడవారగా ఉన్న ఇనుప మంచం మీద నుంచి లేచి కూర్చుని, "మీ నాయన వచ్చినాడు, నీళ్లు పెట్టండి" అని అరిచేది. తల్లిపేగు అని వీధిలో ఆడవాళ్లంతా మురిసిపోయేవారు. నాకు ఒళ్లు మండేది.

రెసొనెన్స్ పాఠం చదివిన రోజు నాకు కిటుకు తెలిసిపోయింది. ప్రతి వస్తువుకూ దానికంటూ ఒక ఊపు ఉంటుంది. సరిగ్గా అదే ఊపుతో బయటి నుంచి కదిపితే, చిన్న కదలికైనా పెద్దదవుతుంది. నాయన లారీని అవ్వ గోడ పక్కనున్న ఖాళీ జాగాలో నిలిపి, ఇంజన్ మెల్లగా చల్లబడాలని కాసేపు రేస్ లేకుండా ఆన్‌లో వదిలేవాడు. ఆ ఊపూ మంచం ఊపూ కలిసి మంచం వణుకుతోందని, అదే అవ్వకు ఒంటికి తెలుస్తోందని నా లెక్క.

ఊరికే అనుకుని వదల్లేదు. నాయనను క్యాబిన్‌లో కూర్చోబెట్టి, నేను మంచం పట్టె మీద చెయ్యి పెట్టి, కిటికీలోంచి అరిచాను. రేస్ పెంచితే మంచం ఊరుకుంది. తగ్గిస్తే వణికింది. అదే జాగాలో వేరే లారీలు నిలిచినప్పుడూ పట్టుకుని చూశాను. మంచం కదలలేదు. కాలేజీలో మా ఫిజిక్స్ లెక్చరర్‌కు చెబితే కరెక్టే అన్నారు. ఇంకేం, నాకు గర్వం తలకెక్కింది. అవ్వ మహిమంతా మంచం కోళ్లలోనే ఉందని వీధంతా చెప్పుకొచ్చాను. "సుమ్నే నోరు మూసుకోని ఉండరాదామ్మే, ముసలామె సంతోషం నీకేం అడ్డమొచ్చె?" అని అమ్మ కసిరింది.

సీఈటీ వచ్చింది. ఫిజిక్స్ పేపర్‌కు ముందు రోజు మధ్యాహ్నం. నాయన ట్రిప్పు మీద ఉన్నాడు. పొద్దునకల్లా వచ్చి నన్ను సెంటర్‌లో దింపుతానని చెప్పి వెళ్లాడు. కరెంటు లేదు. ఫ్యాను, పంపు మోటారు, అమ్మ మిక్సీ, ఏవీ తిరగడం లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నేను చాలాసార్లు గుర్తు చేసుకున్నాను. అమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. నేను అవ్వ గదిలో నేల మీద కూర్చుని కెపాసిటర్ల లెక్కలు చేస్తున్నాను.

అవ్వ లేచి కూర్చుంది. "మీ నాయన బండి వచ్చినాది" అంది.

నేను తలెత్తి కిటికీలోంచి చూశాను. జాగా ఖాళీగా ఉంది. లేదని చెయ్యి ఊపాను. ఆమె నన్ను పట్టించుకోలేదు. "వచ్చి నిలబడి ఉండాది. వాడు దిగలేదే. ఏందో పోయి సూడు" అంది.

ఆమెను సమాధానపరుద్దామని మంచం పట్టె మీద చెయ్యి వేశాను. వణుకుతోంది.

ఆ వణుకు నాకు బాగా తెలుసు. బయటికి పరుగెత్తాను. జాగాలో ఏమీ లేదు, వీధి చివరిదాకా ఏ బండీ లేదు. ఎర్రదుమ్ము కూడా లేవలేదు. మళ్లీ లోపలికొచ్చి పట్టుకున్నాను. ఇంకా వణుకుతోంది. గనుల్లో పేలుడైతే ఒక్క దెబ్బతో పోతుంది. గూడ్సు రైలైతే వేరే మంచాలూ, కిటికీ అద్దాలూ కదలాలి. అన్నీ ముట్టుకుని చూశాను. ఆ ఒక్క మంచమే. కాసేపటికి వణుకు కొంచెం కొంచెంగా తగ్గి, ఆగిపోయింది.

"పోయినాది. వాడు దిగనే లేదు" అని అవ్వ పడుకుంది.

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. అంతా వింది. నాయన ఫోన్‌కు చేశాం. స్విచ్చాఫ్. ఘాట్‌లో సిగ్నల్ ఉండదు కదా అని నేనే అమ్మకు చెప్పాను, నాకు నేను కూడా చెప్పుకున్నాను. సాయంత్రం చేశాం, రాత్రి చేశాం. అదే మాట. "వాడు దిగలేదంట" అని అమ్మ గొణుక్కుంటూనే ఉంది. నేను ఊరడించలేకపోయాను. నాకూ అదే భయం.

పొద్దున నాయన రాలేదు. నేను పరీక్షకు పోనన్నాను. అమ్మ ఏడ్చిన కళ్లతోనే జడ వేసింది. "మీ నాయన వచ్చి పరీచ్చ ఎట్ల రాస్తివని అడిగితే ఏం చెప్తావు? నడు" అని ఆటో ఎక్కించింది. ఏం రాశానో తెలియదు. ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదవాల్సి వచ్చింది.

బయటికొస్తే గేటు దగ్గర నాయన నిలబడి ఉన్నాడు. ఎవరిదో వదులు చొక్కా వేసుకున్నాడు, మోచేతికి కట్టు ఉంది. నేను జనం మధ్యలోనే ఆయనను పట్టుకుని గట్టిగా ఏడ్చేశాను.

"బండి పోయినాది పాపా. నేనుండా గదా, ఎందుకు ఏడుస్తావు?" అన్నాడు.

జరిగింది ఇది. ఘాట్‌లో బ్రేకులు వేడెక్కి వాసన వస్తే, పక్కకు తీసి, చక్రాల కింద రాళ్లు పెట్టి నిలిపాడు. అప్పటికి భోజనాల పొద్దు. క్లీనర్ ఆ ట్రిప్పుకు రాలేదు. ఒక్కడే టిఫిన్ క్యారియర్ తీసుకుని చెట్టు కిందికి పోయి కూర్చున్నాడు. ముద్ద నోట్లో పెట్టేలోగా రాళ్లు జారి, లోడుతో ఉన్న లారీ లోయలోకి దొర్లిపోయింది. పట్టుకోబోయి పడితే మోచేయి చీరుకుంది. ఫోన్ క్యాబిన్‌లోనే పోయింది. ఎవరి ఫోన్ అడిగినా ఇచ్చేవారు. నాయనే చెయ్యలేదు.

"ఇంటికి చెప్తే నీ పరీచ్చ చెడ్తాది. మీకు యాడ తెలుస్తాదిలే అనుకొంటి" అన్నాడు.

మేం ఇంట్లో పడిన నరకం అప్పుడు ఆయనకు చెప్పలేదు. ఆటోలో వచ్చాం. అమ్మ ఆయనను చూసి గడప మీదే కూలబడింది. లారీ సంగతి అవ్వకు ఎవరూ చెప్పలేదు, సైగలతో చెప్పే విషయమూ కాదు. అవ్వ మంచం మీద నుంచి నాయనను ఎగాదిగా చూసి కోపంగా అడిగింది. "రేయ్, బండి నిన్ననే ఇంటికొచ్చె గదరా. నువ్వు యాడ దిగిపోతివి?"

నాయన గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. అప్పుడు చెప్పాను, మంచం సంగతంతా.

సీటు వచ్చింది. నాయన మళ్లీ లారీ కొనలేదు. తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీకి పోయే కంపెనీ బస్సుకు డ్రైవరుగా చేరాడు. అవ్వ నేను చదువుతుండగానే పోయింది. నేనిప్పుడు ఒక ఫ్యాక్టరీలో యంత్రాల వణుకు కొలిచి, ఏది ఎందుకు వణుకుతోందో రాసిచ్చే ఉద్యోగం చేస్తున్నాను. కావాలని ఏరుకున్నది కాదు, కాలేజీలో దొరికిన మొదటి ఉద్యోగం. నా పనిలో కారణం దొరకని వణుకు ఇప్పటిదాకా రాలేదు.

ఇంజినీరింగ్ అయిపోయాక నాయన ఒకసారి అడిగాడు. "ఆ పొద్దు జరిగిన సంగతికి మీ పుస్తకాల్లో ఏమన్నా దొరికెనా?"

"లేదు నాయనా" అన్నాను.

ఆయన "నేను బండ్లోనే ఉండింటే, ఆ పొద్దు అవ్వ నేనూ దాంతోనే ఇంటికొచ్చి దిగినానని చెప్పుండునేమో" అన్నాడు.