పగిలిన ఫోన్ల ప్రసన్నకుమారి టీచరు

ప్రసన్నకుమారి టీచరుకు మంచి ఫోను గిట్టదు. డిస్‌ప్లే మీద కనీసం మూడు చీలికలైనా లేనిదాన్ని ఆమె ఫోనుగానే లెక్కించదు.

ఆళ్లగడ్డలో ముప్పయ్యేళ్లు నేచురల్ సైన్సు చెప్పి రిటైరైన మనిషి, నంద్యాలలో టిఫిన్ సెంటరు మేడమీద ఫోన్లో ఆడే ఆటల కంపెనీ పెట్టిందంటే నవ్వనివాళ్లు లేరు. ఇప్పుడు నవ్వమనండి చూద్దాం! ఆరేళ్లలో నాలుగు ఆటలు. నాలుగూ తెలుగులోనే, ఒక్కదానిలోనూ తుపాకీ లేదు. కుందూ నదిలో చెత్త తీసి చేపల్ని బతికించే ఆటను పదకొండు మండలాల పిల్లలు ఆడుతున్నారు. విజయవాడకు పిలిచి శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పుడు కంప్యూటరు మీద దుమ్ము పడకుండా కప్పి ఉంది.

కంపెనీ అంటే ముగ్గురే. కోడింగు రూబెన్‌ది, బొమ్మలు సాయి ప్రియవి, తప్పులు పట్టడం టీచరుది. శనివారం వస్తే చాలు, ఆమె ఆళ్లగడ్డలో ఫయాజ్ ఫోన్ రిపేరు అంగడికి పోయి సంచీతో ఫోన్లు తెస్తుంది.

"టీచరమ్మా, ఈ రెండూ బాగా పనిచేస్తాండాయి, తీస్కపో" అంటాడు ఫయాజ్.

"బాగుండేవి నాకెందుకప్పా? బాగుపడనివి చూపించు."

అంగట్లో ఉన్న బేరగాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఆ ఫోన్లలో నడిస్తేనే ఆట బయటికి పోవాలి. ఒకసారి సాయి ప్రియ నల్లమల టేకుచెట్టుకు మూడువందల ఆకులు వేస్తే ఫోను దోసెల పెనంలా కాలింది.

"ఆకులు రాల్చెయ్ పాపా. ఎండాకాలం అనుకుంటారు."

"చెట్లు పెంచమని చెప్పే ఆటలో చెట్టును బోడి చేస్తామా మేడమ్?"

"బోడిగుంటేనే గదా ఎవురైనా నీళ్లు పోసేది!"

రూబెన్ బటన్లు కుడివైపు పెడితే, ఒక ఫోనులో ఆ పక్క పనిచేయదని ఎడమకు మార్పించింది. మరో ఫోనులో ఎడమ పక్క పోయింది. చివరికి ఎటు కావాలంటే అటు జరుపుకునే బటన్లు చేయమంది. దానికి రూబెన్‌కు రెండు నెలలు పట్టింది, రెండు నెలలూ పళ్లు కొరుకుతూనే చేశాడు.

ఈ ఏడాది, ఇన్నాళ్లూ డబ్బిచ్చి ఆదుకున్న సంస్థ తప్పుకుంది. హైదరాబాదు నుంచి మరో సంస్థ తరఫున వచ్చే రాజశేఖర్ చూసి మెచ్చితేనే ఇంకో రెండేళ్లు. లేదంటే గదికి తాళం, రూబెన్‌కు బెంగళూరు బస్సు. అందుకే అతను ఒక కొత్త ట్యాబు అరువు తెచ్చి మిలమిలలాడేలా తుడిచాడు.

"దండం పెడతా మేడమ్, ఈ ఒక్క దినం మంచిదాంట్లో చూపిద్దాం."

"చూద్దాంలేరా" అన్న టీచరు, రాజశేఖర్ కూర్చోగానే సంచీలోంచి ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. దాని కుడి సగం నల్లగా ఉంది. రూబెన్ కళ్లు మూసుకున్నాడు.

"ఇదేంటి మేడమ్, సగం డిస్‌ప్లేనే లేదు?"

"ఇంకో సగముంది గదా సార్."

అంతలో మెట్లెక్కి షంషున్నీసా వచ్చింది. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలకు నునుపు పట్టడం ఆమె పని.

"టీచరమ్మా, మా ఫోన్ అయిందా? రెండు దినాల్నుంచి మా పాప షాహీదా నన్ను బతకనిస్తాలేదు, చేపలు సచ్చిపోతాయంట!" అంటూనే రాజశేఖర్ చేతిలోది చూసి, "ఇదే సార్ మాది" అంది.

దొంగతనం బయటపడ్డట్టు టీచరు కొంగు సర్దుకుంది. సంగతంతా చెప్పింది షంషున్నీసానే. పార్టులు దొరకవని ఫయాజ్ చేతులెత్తేసిన ఆ ఫోన్లన్నీ బడిపిల్లల ఇళ్లవి. ఫోను బాగుపడదని తేలాక, అందులో నడిచేదాకా టీచరు ఆటనే బాగుచేయించి, ఫోను తిరిగి ఇంటికి చేరుస్తుంది. అవన్నీ కొనుక్కొచ్చిన పాతసామాననే ఆరేళ్లుగా అనుకుంటున్నాడు రూబెన్.

"ముందే చెప్పొచ్చు గదా మేడమ్!"

"చెప్తే జాలిపడి చేస్తావురా. తిట్టుకుంటా చేసినావు గాబట్టే గట్టిగా వచ్చింది."

రాజశేఖర్ ఆ సగం డిస్‌ప్లేలోనే పావుగంట ఆడి, రెండుసార్లు ఓడి, ఫోను షంషున్నీసాకు ఇచ్చేశాడు. తర్వాత దరఖాస్తు కాగితం రూబెన్ ముందుకు జరిపి, "రెండేళ్లకు రాయండి" అన్నాడు.

అందులో ఒక గడి ఉంది: ఈ ఆటకు ఎలాంటి ఫోను కావాలి? ఇంకో రోజైతే రూబెన్ నాలుగు వరుసల అంకెలు నింపేవాడు. ఇప్పుడు ఒక్క ముక్క రాశాడు:

"ఇంట్లో అమ్మ దగ్గర ఏదుంటే అది."