ముప్పైలో పదకొండు

అది పది రోజుల వేసవి క్యాంపు. రోజుకు మూడుసార్ల చొప్పున మా తొమ్మిదేళ్ల అమ్మాయి ముప్పైసార్లు సర్ఫింగ్ బోర్డు ఎక్కాలి. ఎక్కింది పదకొండుసార్లే. పంతొమ్మిది పోయాయి.

చాలా రోజులు క్యాంపు వ్యానులో పొడిజుట్టుతోనే నెల్లిమర్లకు తిరిగొచ్చేది. ఎందుకని అడిగితే తల దించుకునేది. చివరి రోజు నేనే బీచికి వెళ్లాను. మిగతా పిల్లలంతా నీళ్లలో ఉన్నారు. మా అమ్మాయి ఒక్కతే ఒడ్డున కూర్చుని సర్ఫింగ్ బోర్డులకు అంటిన ఇసుక తుడుస్తోంది.

"ఏటిది?" అన్నాను కోచ్‌తో.

అతను నవ్వాడు. "ఓహో, ఇంట్లోనే నేర్పుతున్నారన్నమాట! 'ఏటి', 'సూడు' అంటే ఆ పూట బోర్డు ఉండదండీ. పిల్లల భాష బాగుపడాలి కదా."

నాకు ఒళ్లు మండిపోయింది. "నిన్ను అలల మీద నిలబడ్డం నేర్పమన్నాం గానీ, మా నోళ్లు కడగమన్నామేటి? ఈ సముద్రంలో వల లాగేవోళ్లందరూ ఏ మాట ఆడతన్నారో ఎల్లి యిను!"

"గొడవెందుకండీ, డబ్బు వెనక్కిచ్చేస్తాం."

"నీ డబ్బెవడికి కావాల? పిల్లని బోర్డెక్కించు!"

చివరి రోజని వచ్చిన తక్కిన తల్లిదండ్రులు కూడా చుట్టూ చేరేసరికి ఎక్కించాడు. మొదటిసారి పడిపోయింది. రెండోసారి లేచి నిలబడింది.

"నాన్నా, సూడు! సూడు!" అని ఒడ్డంతా వినబడేలా అరిచింది.

కోచ్ చీకటి పడుతోందని క్యాంపు ముగించేశాడు. ఆ రెండూ కలుపుకుంటేనే పదకొండు. మా అమ్మాయికి అతను ఇప్పటికీ పంతొమ్మిది అలలు బాకీ.