ఆమె చావలేదు

మొన్న ఫోన్‌లో ఒక పాత చైనా కత్తియుద్ధాల సినిమా కనిపించింది. వెదురుతోపులో గాలి చప్పుడు వినగానే గుర్తుపట్టాను. మా పత్తికొండ వైపు పల్లెల్లో పెరిగినవాళ్లకు గుర్తుండాలి, సీడీ ప్లేయర్ అద్దెకు తెచ్చి, టీవీని అరుగు మీద పెట్టి ఊరంతా కూర్చునేది.

నా చిన్నప్పుడు ఒక రాత్రి అట్లా ఈ సినిమానే వేశారు. పొడుగు చేతుల అంగీ వేసుకున్న ఆడమనిషి కత్తి దూసి, కదలకుండా నిలబడింది. చుట్టూ పదిమంది. సరిగ్గా అప్పుడే అవ్వ నా జడ పట్టి లాగింది.

"లెయ్యే, రొట్టెలు ఎవురు తడతారు?"

"అన్న చూస్తాండాడు కదవ్వా."

"వాడు తడతాడా రొట్టెలు?"

పొయ్యి దగ్గర జొన్నపిండి పిసుకుతూ ఏడ్చాను. అన్న వచ్చి, "ఆమె సచ్చిపోయింది. ఎవురో మొగోడు, ఆయప్పొకడు వచ్చి అందర్నీ నరికినాడు" అన్నాడు. తర్వాత కందికట్టెలతో ఎప్పుడు కత్తియుద్ధం ఆడినా అన్న అందర్నీ నరికే ఆయప్ప, నేను చచ్చిపోయే ఆమె.

మొన్న చివరిదాకా చూశాను. ఆయప్ప ఎవడూ రాలేదు. ఆమె ఒక్కతే అందరినీ గెలిచి, కత్తి తుడుచుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. అంత అందమైన నడక నేను ఏ సినిమాలోనూ చూడలేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. వెంటనే అన్నకు ఫోన్ చేశాను.

"ఆమె చావలేదన్నా."

సంగతి అర్థమయ్యాక నవ్వాడు. "ఇంకా అదే పట్టుకోని ఉండావా పాపా? మేమూ ఆఖరు చూడల్యా. కరెంటు పోయింది."

"మరి ఆమెను ఎందుకు చంపినావు?"

"ఎవురో ఒకరు సావాల కదా."

ఫోన్ పెట్టేశాను. ఆ ఎవరో ఒకరు ప్రతిసారీ నేనే.