బాడీ బిల్డింగ్ బిల్లు

కంపెనీ అంటే నాకు ఉస్మాన్‌గంజ్‌లోని సేటు దుకాణమే అయిన రోజులవి. డిగ్రీ అయ్యాక రెండేళ్లు అక్కడ మిరపకాయల బస్తాల మధ్య తుమ్ముతూ పనిచేశాను. జీతం కాక అక్కడ అందే సౌకర్యాలు మూడే: రోజుకు రెండు చాయ్‌లు, దీపావళికి ఒక జత బట్టలు (ఎవరి కొలతలూ తీసుకోకుండా కుట్టించినవి), జ్వరమొస్తే సేటు స్వయంగా నోట్లో పోసే గుప్పెడు వాము. వాము తిన్నవాడెవడూ రెండోసారి జ్వరమని చెప్పేవాడు కాదు కాబట్టి అది గొప్ప వైద్య పథకమనే ఒప్పుకోవాలి. అలాంటి నేను ఇరవై మూడో ఏట హైటెక్ సిటీలో ఒక విదేశీ కంపెనీలో చేరాను. మొదటి రోజు చేతికిచ్చిన కాగితాల్లో జీతం గురించి ఒక్క పేజీ ఉంటే, జీతం కాకుండా ఇచ్చేవాటి గురించి పదకొండు పేజీలున్నాయి. అమ్మానాన్నలకు కూడా ఆసుపత్రి ఖర్చులు, ఇంటి ముందు దింపే క్యాబు (మా శాలిబండ గల్లీ చూడనివాళ్లు రాసిన మాట అది), మనసు బాగోలేకపోతే మాట్లాడుకోవడానికి ఒక ఫోన్ నంబరు. అన్నిటికన్నా చివర 'వెల్‌నెస్ అలవెన్సు'. వ్యాయామానికి కట్టిన డబ్బుకు రసీదు చూపిస్తే కంపెనీ ఆ డబ్బు తిరిగి ఇస్తుందట.

ఇంట్లో ఆ పేజీ చదివి వినిపించాను. నల్లా నీళ్ల ఆఫీసులో పనిచేసే మా బాపుకు అనుమానం వచ్చింది. "మా దగ్గర సబ్బు ఇస్తరు, తువ్వాల ఇస్తరు. కసరత్ చేస్తే పైసలిచ్చుడేందిరా? నువ్వు బలిస్తే వాళ్లకేం లాభం?" అన్నాడు. అమ్మకు అలాంటి సందేహాలేవీ లేవు. "ఇచ్చేటోళ్లు ఇస్తుంటే మనకేం నొప్పి? పోరా, ఉస్తాద్ తాలీంకు పో. జర మనిషి లెక్క కనిపిస్తవు" అంది. (అప్పట్లో నా బెల్టుకు మేకుతో మూడు రంధ్రాలు అదనంగా పొడిచి ఉండేవి.)

తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు. మా గల్లీ చివర ఒకటి ఉండేది. దాన్ని నడిపే ఉస్తాద్‌కు డెబ్బై ఏళ్లు దాటినా తల ఎక్కడ ఆగి మెడ ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టంగా ఉండేది. ఆయన మూడు నెలల డబ్బు ముందే కట్టించుకున్నాడు. రసీదు అడిగితే తాలీంకు బిల్లు పుస్తకమే లేదన్నాడు. చివరికి పక్కనే ఉన్న కొడుకు వెల్డింగ్ షాపు నుంచి ఒక పుస్తకం తెప్పించి 'బాడీ బిల్డింగ్, మూడు నెలలు' అని రాసిచ్చాడు. మొదటి రోజు యాభై బస్కీలు తీయించాడు. రెండో రోజు ఇంకో యాభై. నాలుగో రోజుకు నేను మా ఇంటి మెట్లు కూర్చుని ఒక్కొక్కటిగా దిగుతున్నాను. అయిదో రోజు వెళ్లలేదు. ఆ తర్వాత కూడా వెళ్లలేదు. కానీ మూడు నెలలు కాగానే ఆ రసీదు జతచేసి, 'క్రమం తప్పకుండా హాజరయ్యాను' అనే కాగితం మీద సంతకం చేసి ఆఫీసులో ఇచ్చేశాను.

వారం తిరక్కుండా ఈ సౌకర్యాలన్నీ చూసే అధికారి పిలిపించాడు. మేమంతా ఆయన్ని బెనిఫిట్స్ సార్ అనేవాళ్లం. నడుం నొప్పి వల్ల కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చునేవాడు. నా రసీదును వెలుతురుకు పట్టి చూస్తున్నాడు.

"ఇక్కడ గేట్లు, గ్రిల్స్, షట్టర్లు అని ఉంది. కింద బాడీ బిల్డింగ్ అని ఉంది. మీకు లారీ ఉందాండీ?"

"లేదు సార్."

"మరి బాడీ ఎవరిది?"

"నాదే సార్."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మూడు నెలల పని కనిపించట్లేదే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీరింకా ప్రొబేషన్‌లో ఉన్నారు. తప్పుడు కాగితం అని తేలితే ఉద్యోగం పోతుంది. శనివారం మీరు కసరత్తు చేసే చోటికి నేనే వచ్చి చూస్తాను" అన్నాడు.

ఆ సాయంత్రమే ఉస్తాద్ దగ్గరికి పరుగెత్తాను. "ఉస్తాద్, రోజూ వచ్చిండని ఒక్క మాట చెప్పుండ్రి. లేకుంటే నౌకరీ పోతది" అని బతిమాలాను. ఆయన మీసం దువ్వుకుని, "బిడ్డా, ఈ మట్టి మీద నిలబడి ఝూట్ మాట్లాడ. అడిగితే సచ్ చెప్త. అడగకుంటే నోరు తెరువ. బస్" అన్నాడు. అంటే సారు అడగకుండా చూసుకునే బాధ్యత నాది. సారు మనిషి మాటలు నమ్మకపోయినా మట్టిని నమ్ముతాడని నాకో గొప్ప ఆలోచన వచ్చింది. శనివారం పొద్దున లంగోటీ కట్టుకుని (అద్దె లేకుండా ఉస్తాద్ ఇచ్చిందే) తాలీం ఎర్రమట్టిని ఒళ్లంతా, చెవుల్లో కూడా పూసుకుని నిలబడ్డాను. గుమ్మంలోంచి తొంగిచూసిన అమ్మ, అప్పుడే కాల్చిన కూజాలా ఉన్నానని చెప్పి ఇంటికి వెళ్లిపోయింది.

సారు మెడలో ఆఫీసు కార్డుతో, చేతిలో ఫారంతో వచ్చాడు. నన్ను చూడగానే ముఖంలో అనుమానం సగం తగ్గింది. అక్కడితో ఆగితే బాగుండేది. "ఏదీ, ఒక పట్టు చూపించండి" అన్నాడు. ఉస్తాద్ ఒక్క మాట కూడా మాట్లాడకుండా చిటికె వేశాడు. అక్కడే కుస్తీ నేర్చుకునే చోటా వచ్చాడు. పేరుకే చోటా. రోజూ బార్కస్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు, చూసినవాళ్లకు సైకిల్ మీద జాలి కలిగేది. వాడు నా చెవిలో, "ఫికర్ చెయ్యకు భాయ్, ఆహిస్తా, మెల్లగ లేపుత" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోగా నేను వాడి భుజం మీద తలకిందులుగా వేలాడుతున్నాను. కిందికి చూస్తే ఆకాశం, పైకి చూస్తే సారు బూట్లు. సారుకు హుషారొచ్చింది. "విడిపించుకోండి మరి! మూడు నెలలు నేర్చుకున్నారుగా!" అని కేకేశాడు. చోటా దాన్ని తనకిచ్చిన అనుమతి అనుకున్నాడు కాబోలు, గిరగిరా తిప్పడం మొదలుపెట్టాడు. రెండో చుట్టులో పొద్దున తిన్న ఇడ్లీ, మూడో చుట్టులో ఆఫీసు కోసం నేర్చుకున్న మర్యాద భాష రెండూ గొంతులోకి వచ్చాయి. ఇడ్లీని ఎలాగో ఆపుకున్నాను, మర్యాద భాష మాత్రం జారిపోయింది.

"సార్! నాలుగు రోజులే వచ్చిన సార్! అయిదో రోజు నుంచి రాలే! సంతకం ఉత్తదే సార్! జర దింపమనుండ్రి!"

అప్పుడు ఉస్తాద్ మొదటిసారి నోరు తెరిచాడు. "సచ్ చెప్పిండు. దింపురా చోటా."

సారు ఫారం తిరగేసి, "హాజరయ్యారు, కాలేదు అని రెండే గడులున్నాయండీ. తలకిందులుగా ఒప్పుకుంటే ఏ గడిలో రాయాలి?" అని గొణుగుతూ పక్కనున్న అరుగు మీద కూర్చున్నాడు. రాసి లేవబోతే లేవలేకపోయాడు. నడుం పట్టేసింది. ఉస్తాద్ వెళ్లి ఆయన వీపుకు మోకాలు ఆనించి, రెండు భుజాలు పట్టుకుని ఒక్కసారి వెనక్కి గుంజాడు. సారు పెట్టిన కేక మెయిన్ రోడ్డు మీది షేర్ ఆటోవాళ్లకు కూడా వినిపించి ఉంటుంది. తర్వాత ఆయన మెల్లగా లేచి, అటు వంగి, ఇటు వంగి, చాలా సిగ్గుపడుతూ, "మూడు నెలలకు ఎంతండీ ఇక్కడ?" అని అడిగాడు.

సోమవారం నా చేతికి ఉత్తరం వచ్చింది. అలవెన్సు రద్దు, గట్టి హెచ్చరిక. తప్పును 'స్వచ్ఛందంగా' ఒప్పుకున్నందున ఉద్యోగం మాత్రం ఉంటుందట (చోటా ప్రస్తావన ఎక్కడా లేదు). దళసరి కాగితం మీద బంగారు రంగు ముద్ర చూసి అమ్మ దాన్ని దేవుడి ముందు పెట్టి దండం పెట్టుకుంది. బాపు తీసి, అద్దాలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాడు.

"ఏం రాసిండ్రు?" అంది అమ్మ.

బాపు నా వైపు చూసి కాగితం మడిచాడు. "పిలగాడు నిజం చెప్పిండని రాసిండ్రు" అన్నాడు.

మర్నాడు తెల్లవారక ముందే తాలీంకు వెళ్లాను. మిగిలిన ఎనభై ఆరు రోజులూ వెళ్లాను, ఏ కంపెనీ అడక్కుండానే. సారు నా పక్కనే బస్కీలు తీసేవాడు. ఆయన లెక్క తప్పినప్పుడల్లా ఉస్తాద్ ఇద్దరి చేతా మొదటినుంచి తీయించేవాడు.

ఈ మధ్య చార్మినార్ దగ్గర చోటా ఎదురయ్యాడు. గడ్డం నెరిసింది, భుజాలు మాత్రం అలాగే ఉన్నాయి. "భాయ్!" అంటూ అలవాటు కొద్దీ నా నడుం పట్టుకుని ఎత్తబోయి, సగంలో ఆగిపోయి, నన్ను భద్రంగా నేల మీద నిలబెట్టాడు. "ప్రమోషన్లు మస్తు వచ్చినట్టున్నయ్ గదా భాయ్" అన్నాడు. ఇద్దరం అక్కడే నిలబడి నవ్వుకున్నాం. చెవుల్లో మట్టితో వేలాడిన ఆ బక్కపిల్లవాడు గుర్తొచ్చాడు. అంత తేలిగ్గా గాల్లోకి లేచేవాణ్ణి, మూడు చుట్లకే నిజం చెప్పేసేవాణ్ణి అని నాకే కాసేపు ముచ్చటేసింది.